ఊక గుట్ట వెనక ఎనిమిది నిమిషాలు

గడియారాన్ని మొదట పట్టుకున్నది చిన్ని. పదినెలల పిల్ల, చేతికందిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. బుధవారం పొద్దున నీలా పెనం మీద రొట్టె తిప్పి వెనక్కి చూసేసరికి, రేకుపెట్టె పక్కన కూర్చుని ఒక చేతిరుమాలు మూట విప్పేసి, లోపలున్న తోలు పట్టీని చిగుళ్లతో నములుతోంది. నీలా ఒక్క అంగలో వెళ్లి లాక్కుంది. మగవాళ్లు పెట్టుకునే గడియారం. పెద్ద గుండ్రటి ముఖం, అంచున పసుపురంగు పూత అక్కడక్కడ లేచిపోయింది. చెవి దగ్గర పెట్టుకుంటే ఆడుతోంది.

ఆ పెట్టె చాందీది. చాందీ నీలా మొగుడికి చెల్లెలు. మఠంపల్లి పక్క తండా నుంచి వచ్చి, మిర్యాలగూడలో ఈ కిరాయి గదిలో అన్నావదినెల దగ్గర ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. అన్న ఉండేది పేరుకే. మంగ్త్యా మేళ్లచెరువులో సిమెంటు లారీ నడుపుతాడు. ఆదివారం కోదాడలో బస్సెక్కి వచ్చి సోమవారం పొద్దున్నే మళ్లీ పోతాడు. అతని చేతికి కూడా గడియారం లేదు.

మరి ఇది ఎవరిది?

నీలా మూటను ఎట్లా ఉన్నదట్లా కట్టి, పుస్తకాల కింద పెట్టి, మూత వేసింది. రొట్టె మాడిన వాసన వచ్చింది. చాందీ నీళ్ల బిందెతో లోపలికి వచ్చి, రొట్టె మాడింది వదినె అన్నది. ఆ పిల్ల మెడ మీద తడి, నుదుటి మీద బొట్టు, కళ్ల కింద నిద్రలేని నలుపు. నిన్నటిదాకా కనబడనివన్నీ నీలాకు ఇవాళ కనబడ్డాయి.

చెల్లెల్ని కాలేజీలో చేర్చిన రోజు మంగ్త్యా ఒక మాట అన్నాడు. చాందీతో అనలేదు, నీలాతో అన్నాడు. "కనిపెడుతుండు. ఒక్క మాట నా చెవిల పడ్డదంటె పుస్తకాలు పొయ్యిల పెడత, పిల్లను తండాకు తోల్త. నీదే జిమ్మేదారి." అప్పటినుంచి ఆ పిల్ల చదువు తన కొంగుకు కట్టిన ముడిలా ఉంది నీలాకు. ముడి ఊడితే పోయేది చాందీ ఒక్కతే కాదని ఆమెకు తెలుసు. నీలా చదువు ఏడో తరగతిలో, హాలియా బస్టాండులో ఎవడో తనను టైమెంతయింది అని అడగడం తండావాళ్లు ఎవరో చూసిన రోజున ఆగిపోయింది.

*

నీలా కూలికి పోయే బియ్యం మిల్లులో ఉడికిన వడ్లు తొట్టి నుంచి బండ్ల మీద ఆవిరి కక్కుతూ వస్తాయి. గచ్చు మీద పోసి పలచగా పరిస్తే, ఆడవాళ్లు వరసగా నిలబడి పాదాలతో చాళ్లు తీస్తూ ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తారు. మళ్లీ అడ్డంగా నడుస్తారు. పొద్దున వేడి వడ్లదైతే, పదకొండు దాటాక గచ్చుది. ఎండ మరీ ముదిరితే కుప్ప చేసి గోనెలు కప్పాలి. ఒక్కసారే ఎండిన గింజ మరలో పడితే నూకవుతుంది. ఎంత ఎండిందో చెప్పడానికి ఏ మిషనూ లేదు. గింజను పంటి కింద పెట్టాలి. మెత్తగా నలిగితే ఇంకా పచ్చి, టక్కున విరిగితే చాలు.

నీలా ఆ రోజు నాలుగు గింజలు కొరికి నాలుగూ ఉమ్మేసింది. పచ్చివో ఎండినవో మనసున పడలేదు.

చిన్ని గోదాము నీడలో చీర ఊయలలో పడుకుని ఉంది. ఒంటిగంటకు కాలేజీ వదిలితే చాందీ తిన్నగా మిల్లుకు వచ్చి పిల్లను ఇంటికి తీసుకుపోవాలి. వారం రోజులుగా మూడు దాటితే గాని రావడం లేదు. అడిగితే లైబ్రరీ అంటుంది. వచ్చినా ఊరకే ఉండదు. వడ్లు ఎన్ని గంటలు నానుతాయి, ఆవిరి ఎంతసేపు పడతారు, ఎండిందని మీకెట్లా తెలుస్తుంది అని ఆరా తీస్తుంది. మిల్లు ముచ్చట్లు ఎవరికి చేరవేస్తోందో అని నీలాకు అదొక గుబులు.

పక్క చాలులో నడుస్తున్న జంగమ్మ ఆ మధ్యాహ్నం పార ఆనించుకుని నవ్వింది. "నీలా, మీ ఆడిబిడ్డ ఊక గుట్ట యెనుక నిలబడి ఒక్కతే మాట్లాడుతున్నది. దయ్యం పట్టిందా, పెండ్లి కుదిరిందా?"

నీలా పాదం చాలులోనే ఆగింది. ఊక గుట్ట మిల్లు వెనక గోడకు ఆనుకుని, మనిషెత్తుకు రెండింతలుంటుంది. దాని వెనక ఎవరున్నా ఈ వైపుకు కనబడరు. మర ఆగిన సందున ఆ వైపు నుంచి గొంతు వినిపించింది. మాటలు తెలియడం లేదు, కాని రాగం తెలుస్తోంది. ఎత్తుకుని, సాగదీసి, చివర వణికించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తుకోవడం.

ఢావ్లో.

తండాలో పెళ్లి కుదిరిన పిల్లకు పెద్ద ఆడవాళ్లు ఢావ్లో నేర్పుతారు. అత్తగారింటికి పోయేరోజు తల్లిని పట్టుకుని, మేనత్తను పట్టుకుని, అన్నను పట్టుకుని ఒక్కొక్కరికీ వాళ్ల మాట చెప్పి ఏడవాలి. అది ఒక్కరోజులో రాదు. మాటలు కట్టుకోవాలి, గొంతు కుదరాలి. నీలాకు ఇరవై రోజులు పట్టింది. పెళ్లి కుదరకముందే ఎవరూ నేర్చుకోరు.

మరి చాందీకి ఎవరు కుదిర్చారు? ఎవరు గడియారం ఇచ్చారు?

*

గురువారం నీలా ఒక పని చేసింది. కుప్ప కప్పే వేళకు జంగమ్మకు చెప్పి, చిన్నిని చంకనెత్తుకుని, బాయిలర్ పక్క సందులోంచి ఊక గుట్ట వెనక్కి పోయింది. గోడ మూల నిలబడితే అంతా కనబడుతుంది. పిల్ల అరవకుండా దాని నోటికి రొమ్మిచ్చింది.

చాందీ చినిగిన గోనెల దొంతర ముందు నిలబడి ఉంది. ఎడమ అరచేతిలో గడియారం, కుడిచేతిలో మడతలు పడ్డ కాగితాలు. కళ్లు పైకెత్తి, ఆకాశంలో ఎవరో ఉన్నట్టు, ఆ రాగంతోనే ఏదో చెబుతోంది. మధ్యలో ఆపి గడియారం చూసుకుని, తల కొట్టుకుని, మళ్లీ మొదటికి వస్తోంది. నీలా మగవాడు వస్తాడని చూసింది. గోడ దూకి వస్తాడా, గోదాము తలుపులోంచి వస్తాడా అని రెండు దిక్కులా చూసింది. చిన్ని కడుపునిండి నిద్రపోయింది. ఎవడూ రాలేదు. రాకపోవడం కూడా అనుమానంగానే తోచింది.

చాందీ మూడోసారి మొదలుపెట్టి సగంలో ఆగి, గోనెల మీద కూలబడి ఏడ్చింది. ఇది ఢావ్లో కాదు, ఉత్త ఏడుపు.

నీలా ముందుకు వచ్చింది. "ఎవని కోసం?"

చాందీ ఉలిక్కిపడి గడియారాన్ని వెనక్కి దాచింది. దాచడం చూసి నీలాకు ఒళ్లు మండింది. వాళ్ల సొంత భాషలో, గొంతు లేవకుండా, పదునుగా అడిగింది. పేరు చెప్పు. ఏ కులం వాడు. ఆదివారం మీ అన్న వచ్చేలోపల నాకు తెలియాలి.

చాందీ గోనెల మీదనుంచి లేచి చెప్పడం మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆగలేదు. మగవాడు లేడు. కాలేజీలో సెమినార్ ఉంది. తలా ఒక విషయం మీద కాగితం రాసి, బోర్డు ముందు నిలబడి, ఎనిమిది నిమిషాలు మాట్లాడాలి. బాగా మాట్లాడిన ఒక్కరిని పై వారం శనివారం సూర్యాపేటకు పంపుతారు, అక్కడికి చుట్టుపక్కల కాలేజీలన్నీ వస్తాయి. చాందీ ఉప్పుడు బియ్యం మీద రాసింది. లక్ష్మీనర్సయ్య సారు చదివి, క్లాసులో ఇంత మంచి కాగితం ఇంకోటి లేదన్నాడు. మొన్న సోమవారం చదివి వినిపించమన్నాడు. లేచి నిలబడింది. గొంతు దానంతటదే ఆ రాగం ఎత్తుకుంది. పదిమందిలో నిలబడి ఆడది మాట్లాడటం పుట్టినప్పటినుంచి విన్నది ఆ ఒక్క తీరుగానే. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ వాడొకడు కొంగు కప్పుకున్నట్టు నటించి ఏడ్చాడు.

"సారేమన్నడు?"

"నువ్వు రాసినవ్ గద, చాలు అన్నడు. ఈ శనివారం ఇంకొక్కసారి సూస్త, రాకుంటె చంద్రకళ సదువుతది, ఆమె గొంతు సాఫుంటది అన్నడు." చాందీ ముక్కు తుడుచుకుంది. "పేరు గూడ ఆమెదే పోతది వదినె. సూర్యాపేటకు కాగితం సదివినోళ్ల పేరే రాస్తరట."

చంద్రకళ ఈ మిల్లు యజమాని కైలాసం సేటు కూతురు. ఆ పసుపు అంచు గడియారం ఒకప్పుడు సేటు చేతికి ఉండటం ఇప్పుడు గుర్తొచ్చి, ఎవరిదో చెప్పకముందే నీలాకు తెలిసిపోయింది. తెలిసి, మగవాడి భయం పోయి అంతకంటే పెద్దది పట్టుకుంది. సేటు గడియారం కూలిమనిషి పెట్టెలో!

చంద్రకళే ఇచ్చింది, టైము చూసుకుంటూ నేర్చుకొమ్మని, అని చాందీ అన్నది.

"ఇచ్చినట్టు ఎవరన్న సూసిన్రా? నీ కాగితం తీసుకునే పిల్ల నీకు గడియారం ఎందుకిస్తది? రేపు పోయిందని అంటె దొంగలమైతం, మీ అన్న లారీ పని గూడ పోతది, ఎరికేనా?"

మిల్లు కూత మూడున్నరకు మోగింది. నీలా గడియారం గుంజుకుని చూసింది. తప్పు టైము చూపించే గడియారం ఇచ్చి పిల్లను ముంచుతోందేమో అనుకుంది. ముళ్లు సరిగ్గా మూడున్నర మీదున్నాయి. అది కూడా ఆమెకు నచ్చలేదు.

అదే నడకన సేటు ఇంటి పెరటి గుమ్మానికి పోయింది. చంద్రకళ జడ వేసుకుంటూ వచ్చింది. వాళ్లమ్మ బియ్యం చెరుగుతోంది. ఆమె వినేటట్టే నీలా అడిగింది, ఇది మీదేనా, మీరే ఇచ్చిన్రా అని. చంద్రకళ తల్లి వైపు చూసి, నాయిన పాతది, నేనే ఇచ్చిన అన్నది. ఇంకా రెండు రోజులుంచుకొమ్మన్నది. నీలా అరుగు మీద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చేసింది. ఆ పిల్ల ముఖంలో ఏముందో వెతికింది గాని ఏదీ దొరకలేదు.

*

మగవాడి మాట అబద్ధమని తేలింది. సెమినారు మాట నిజమని ఎవరు చెప్పాలి? శుక్రవారం సాయంత్రం గచ్చు ఊడ్చి, వడ్లు కుప్ప చేశాక, నీలా చాందీని ఖాళీ గచ్చు మీద నిలబెట్టింది. చిన్నిని ఒళ్లో పెట్టుకుని కుప్పకు ఆనుకుని కూర్చుంది. "ఏం మాట్లాడుతున్నవో నాకు సెప్పు. నిజమో కాదో నాకు తెలుస్తది."

చాందీ మొదలుపెట్టింది. మాటలు పుస్తకంవి, రాగం పెళ్లిది, చూపు ఆకాశానిది. నానబెట్టుట, ఆవిరి పట్టుట, తేమ శాతం పద్నాలుగు. నీలాకు సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో తను రోజూ చేసే పని ఉంది, కాని అందులో తను లేదు. కొంతసేపు విని చెయ్యెత్తింది.

"ఎవరికి సెప్తున్నవ్?"

"అందరికి."

"అందరంటె ఎవలు? గాడ పైన ఎవలున్నరు, మొగులా?"

చాందీ చూపు దించింది. నీలా పిల్లను పక్కన కూర్చోబెట్టి లేచింది. తనకు ఢావ్లో నేర్పిన మేనత్త భూలి గుర్తొచ్చింది. నీలా మాటలన్నీ నేర్చుకుని, గొంతు సవరించుకుని పాడితే, భూలి వీపు మీద ఒక్కటి చరిచి, పాట ఎవరిక్కావాలే, నన్ను పట్టుకో అన్నది. ఆ మాట ఇన్నేళ్లకు నీలా నోట వచ్చింది. ఆమె చాందీ రెండు భుజాలు పట్టుకుంది.

"ఢావ్లోల ఏం చేస్తం? మందినంత పట్టుకుంటమా? ఒక్కరిని పట్టుకుంటం. ఆమె మాట ఆమెకు సెప్తం. ఆమె కండ్లల్ల నీళ్లొచ్చినయని చూసినంక ఇడిసిపెట్టి, ఇంకొకరి మీద పడతం. రాగం ఇడిసెయ్ చాందీ. పట్టుకునుడు ఇడువకు."

చాందీ ఆ పట్టులోనే ఉండి, తల ఎత్తకుండా అడిగింది. "నవ్వెటోన్ని?"

"ముందుగాల వాన్నే పట్టుకో."

పద్నాలుగు శాతం అంటే ఏమిటని నీలా అడిగింది. చాందీ చెప్పింది. ఓస్, గదా, అని నీలా కుప్పలోంచి ఒక గింజ తీసి ఆ పిల్ల నోట్లో పెట్టింది. టక్కుమంది. చాందీ నవ్వింది, వారంలో మొదటిసారి. ఇంకో పిడికెడు గింజలు నీలా ఏరి, తన చేతిరుమాల్లో మూట కట్టి ఇచ్చింది. అప్పటికీ ఆమెకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. నేను గూడ వస్త రేపు, బయట నిలబడి సూస్త అన్నది. చాందీ వద్దనలేదు. వద్దనకపోయేసరికి కొంచెం కుదుటపడింది.

*

శనివారం కాలేజీ వరండాలో కిటికీ పక్కన, పిల్లను చంకనేసుకుని నిలబడింది నీలా. ఎవరో ఒకరు పొమ్మంటారని భుజాలు ముడుచుకునే ఉంది. ఎవరూ అనలేదు. లోపల అరవై మంది ఉంటారు. లక్ష్మీనర్సయ్య సారు కుర్చీ గోడకు లాక్కుని కూర్చుని, చాందీ పేరు పిలిచి, చంద్రకళా, నువ్వు సిద్ధంగా ఉండమ్మా అన్నాడు.

చంద్రకళ మొదటి బెంచీలో ఉంది. ఆమె ముందు చాందీ రాసిన కాగితానికి నకలు. నీలా కళ్లు చాందీని వదిలి ఆ పిల్ల మీదనే ఉన్నాయి. చంద్రకళ సంచిలోంచి ఏదో తీసింది. గడియారం. సైగ చేస్తుంది, పిల్లను తడబెడుతుంది అనుకుంది నీలా. చంద్రకళ దాన్ని బెంచీ మీద నిలబెట్టింది, ముఖం చాందీ వైపుకు. తర్వాత కాగితాన్ని బోర్లా తిప్పి దాని మీద చేతులు పెట్టుకుంది.

చాందీ బోర్డు ముందు నిలబడింది. నోరు తెరిచింది. చూపు పైకి పోయింది, మొదటి మాట సాగింది. వెనక బెంచీలో కొంగు కప్పుకునే వాడు కప్పుకున్నాడు, నవ్వు మొదలైంది. కిటికీ బయట నీలా చేతులు చిన్ని భుజాలను గట్టిగా పట్టుకున్నాయి. పిల్ల కుయ్యిమన్నది. చాందీ అటు చూసింది.

చూసి, కాగితం టేబుల్ మీద పెట్టేసి, బెంచీల మధ్య నడుచుకుంటూ వెనక్కి పోయింది. నవ్వినవాడి ముందు ఆగింది. మూట విప్పి ఒక గింజ వాడి అరచేతిలో పెట్టింది.

"కొరుకు."

వాడు అటూ ఇటూ చూశాడు. కొరికాడు. టక్కుమన్న చప్పుడు ఆ గదిలో అందరికీ వినబడింది.

"గా చప్పుడు వచ్చిందాక మిల్లుల ఆడోళ్లు పొద్దందాక కాళ్లతోని వడ్లు తిప్పుతరు. పుస్తకంల దాన్ని పద్నాలుగు శాతం తేమ అంటరు." అక్కడ ఆగింది. వాడు నవ్వడం మరిచిపోయాడని చూసుకుని ముందుకు నడిచింది. కిటికీ పక్క బెంచీలోని పిల్ల ముందు ఆగి నానబెట్టడం చెప్పింది. ఇంకొకరి ముందు ఆవిరి, మరొకరి ముందు మధ్యాహ్నపు కుప్పలు, నూక. కొంత పుస్తకం భాష, కొంత ఇంటి భాష. ఒకచోట లెక్క తప్పి, తప్పయిందని చెప్పి సరిచేసుకుంది. చివరికి సారు ఎదురుగా వచ్చి నిలబడింది. "గీ బియ్యం రైలెక్కి కేరళకు పోతది సార్. ఉడకబెట్టెటోళ్లు, తొక్కెటోళ్లు, మోసెటోళ్లు, ఎవ్వరం తినం. నా కాగితం గీడికి ఖతం."

చంద్రకళ బెంచీ మీది గడియారం వైపు చూసి, ఎనిమిది నిమిషాలు సరిపోయాయన్నట్టు తనకు తనే తల ఊపింది.

సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. సూర్యాపేటలో కొంచెం వ్యావహారికం తగ్గించమన్నాడు. తర్వాత పుస్తకంలో చాందీ పేరు రాసుకుంటూ, మీ తండా పేరేమిటమ్మా అని అడిగాడు.

*

ఆదివారం మంగ్త్యా గుమ్మంలోకి వస్తుండగానే అతని ముఖం చూసి నీలాకు తెలిసిపోయింది. చేతిపంపు దగ్గర జంగమ్మ నవ్వుతూ అన్నీ చెప్పిందట. ఊక గుట్ట, గడియారం, సేటు పెరడు, పూట పని ఎగ్గొట్టి కాలేజీ కిటికీ. చెంబులో నీళ్లిస్తే తాగలేదు, పక్కన పెట్టాడు. చాందీ గోడకు ఆనుకుని చిన్నిని ఎత్తుకుని ఉంది.

"మొగోని గడియారం ఇంటికొచ్చిందా, రాలేదా?"

"వచ్చింది" అన్నది నీలా.

"నువ్వు సూసినవా?"

"సూసిన."

"సూసి నాకెందుకు కబురు జెయ్యలే? ఇద్దరు కల్సి నా కండ్లల్ల దుమ్ము కొడుతున్నరా? నువ్వు కాలేజీకి ఎందుకు పోయినవ్?"

ఈ నాలుగు రోజులు తను చాందీని చూసిన చూపు ఇప్పుడు తన మీద పడిందని నీలాకు తెలిసింది. ఎంత బరువుంటుందో కూడా తెలిసింది. చెప్పవలసినవి చాలా ఉన్నాయి, అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి. ఆమె అతనికి ఎదురుగా కూర్చుంది. మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని, అతని కళ్లలోకి చూసింది. పెళ్లయ్యాక అట్లా చూసింది తక్కువ.

"నువ్వే గద కనిపెట్టుమన్నవ్. కనిపెట్టిన."

ఆగింది. అతను చూపు తిప్పుకోలేదు.

"గడియారం సేటు బిడ్డది. వాళ్లమ్మ ముంగట నా చేత్తో ఇచ్చొచ్చిన. ఊక గుట్ట యెనుక ఎవ్వడు రాలే, నేను నిలబడి సూసిన. నిన్న అరవై మంది నోర్లు మూసుకుని కూసున్నరు, నీ చెల్లె మాట్లాడింది. గది గూడ నిలబడి సూసిన." మళ్లీ ఆగింది. ఇక మిగిలింది ఒక్కటే. అది ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. "హాలియా బస్టాండుల నన్ను టైమడిగినోని మొఖం నాకు యాదికి లేదు. గోడ మీది గడియారం సూసి నేను సెప్పిన టైము యాదికున్నది. పదకొండూ ఇరవై. గప్పటిసంది నా బడి గాడనే ఆగింది."

వీధిలో సైకిలు గంట మోగి దూరమైంది. మంగ్త్యా అరచేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో సిమెంటు. చాందీ వైపు తిరగకుండానే అడిగాడు.

"సూర్యాపేట బస్సు ఎన్నింటికి?"

"ఏడుంబావుకు" అన్నది చాందీ. గొంతు వణకలేదు.

"ఒక్కదాన్నే తోల్తనా?" అతను నీలాను చూశాడు. అనుమానం ఇంకా ఆ కళ్లలో ఉంది, కాని కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్నట్టు ఉంది. "నువ్వు గూడ పో. కనిపెట్టు."

నీలా లేచి చెంబు తీసుకుంది. ఉన్న నీళ్లు పారబోసి, కుండలోంచి చల్లటివి ముంచి, మళ్లీ అతని ముందు పెట్టింది.

ఈసారి తాగాడు.